ముఖం చూపేదాకా కదలరు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వు రాదు.

నేను నర్సుని. సౌదీకి వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళ నాలుగు నెలలు. నా వయసు అరవై ఆరు. ఇన్నేళ్ళలో నేను రాసిన చార్టులో నాడి అంకె గాని, మందు వేళ గాని తప్పని ఏ డాక్టరూ గీత పెట్టలేదు. అలాంటి మనిషిని చెప్తున్నాను. ఇది జరిగింది. ఎవరో చెప్తే విన్నది కాదు. కల కాదు. నా రెండు చెవులతో విన్నాను. నా మూడు వేళ్ళు ఒక మనిషి నాడి మీద ఉండగా విన్నాను. ప్రార్థనలో కూడా ఇదే మాట చెప్పాను. దేవుడి ముందు అబద్ధమాడే వయసు కాదు నాది.

తాయిఫ్‌లో జరిగింది. పోయిన జనవరి. గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం.

హాస్పిటల్ వాళ్ళు నన్ను ఇంటి డ్యూటీకి వేశారు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. పేషెంటు ఎనభై నాలుగేళ్ళ పెద్దాయన. పుట్టింది పాకిస్తాన్. ఇరవై రెండో ఏట ఇంగ్లండు వెళ్ళి, అక్కడ ఉత్తరాన ఒక నేత ఊళ్ళో మిల్లు పని చేశాడు. ముప్ఫై ఏళ్ళు. కొడుకు డాక్టరై తాయిఫ్‌లో ఉద్యోగానికి వచ్చాడు. తల్లి పోయాక తండ్రిని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంట్లో అందరూ ఆ పెద్దాయన్ని బాబా అనేవాళ్ళు. నేనూ అలాగే అన్నాను. ఆయన ఊరి పేరు చెప్పను. ఆయన కూతురు ఇంకా అక్కడే ఉంది.

బాబాకి గుండె బలహీనం. తుంటి ఎముక విరిగి ఏడు నెలలు. అడుగు వేయలేడు. ముక్కుకి ఎప్పుడూ ఆక్సిజన్ గొట్టం.

ఆయన గదిలో మంచానికి ఎదురుగోడ మీద ఆరు ఫోటోలు. అన్నీ ఆ ఊరివే. కొడుకు పెద్దవి చేయించి కట్టించాడు. మొదటిది మిల్లు. ఆరంతస్తులు, నల్లబడిన రాయి. నేను లెక్కపెట్టాను, అంతస్తుకి ఇరవై నాలుగు కిటికీలు. మొత్తం నూట నలభై నాలుగు. పక్కన పొగగొట్టం. మిల్లు మూతపడి అందులో ఇప్పుడు జనం కాపురం ఉంటున్నారట. పొగగొట్టాన్ని మాత్రం పడగొట్టకూడదని సర్కారు చట్టం చేసిందట, అందుకని పొగ లేకుండా ఊరికే నిలబడి ఉంది. రెండోది గడియారపు బురుజున్న టౌన్ హాలు. మూడోది అద్దాల కప్పు మార్కెట్టు. నాలుగోది కాలువ, దాని మీద రాతి వంతెన. అయిదోది ఒక చర్చి. అది తర్వాత తివాచీల గోదాము అయింది. ఆరోది ఒక వీధి. ఒకే గోడని పంచుకుంటూ వరసగా ఇళ్ళు, అన్నీ ఒకేలా ఉంటాయి. అందులో ఒక ఇంటి మేడగదిలో బాబా ఉండేవాడు.

రోజూ పడుకునే ముందు బాబా నన్ను ఆ ఊళ్ళో నడిపించేవాడు. మంచం మీద నుంచే. చూపుడు వేలుతో.

"ఇంట్లోంచి బయటపడ్డామా... ఎడమకి తిరుగు. వంతెన ఎక్కు. చూసుకుని, రాళ్ళ మీద మంచు ఉంటుంది. ఇప్పుడు గడియారం కనపడుతుంది. ఎంతైంది?"

"ఫోటోలో పదీ ఇరవై, బాబా. ఎప్పుడూ అంతే."

"అయితే నీ జీతం పోయింది. ఆరు దాటి రెండు నిమిషాలైతే గేటు మూసేస్తారు."

మేము మాట్లాడుకునేది ఉర్దూలో. మీకు తెలుగులో చెప్తున్నాను. నా ఉర్దూ ఆయనకి పెద్ద వేడుక. "నీ ఉర్దూ కంటే మా మిల్లు చప్పుడు వినసొంపు బేటీ" అనేవాడు.

"అరవై ఆరేళ్ళదాన్ని పట్టుకుని బేటీ ఏంటి బాబా?"

"నాకు ఎనభై నాలుగు. లెక్కలు బాగా వస్తాయిగా, తీసెయ్."

మాదీ నేత ఊరే, చీరాల పక్క. మా నాన్న కూలికి గుంట మగ్గం నేసేవాడు. నాడె ఇటు నుంచి అటు పోయే చప్పుడు వింటూ పెరిగాను. అందుకే ఆయన చెప్పేది నాకు విసుగు పుట్టేది కాదు. మా ఇంట్లో ఒక్క మగ్గం. ఆయన పని చేసిన మిల్లు గదిలో మూడు వందలట. పక్కన పిడుగు పడినా వినపడదట. అందుకని అక్కడ మనుషులు పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. గొంతు లేకుండా, నోరు బాగా సాగదీసి, ఒక్కో మాటనీ ఆకారంలా చేసి. బాబా ఆయాసం వచ్చినప్పుడు నాతో అలాగే మాట్లాడేవాడు. నీళ్ళు. నొప్పి. దిండు. నేను నేర్చుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. తట్టే మనిషి సంగతి.

ఆ రోజుల్లో అక్కడ కూలివాళ్ళకి గడియారాలు తక్కువ. నిద్రలేపడానికి ఒక మనిషి ఉండేది. వీధికొకరు. బాబా వీధిలో ఒక ముసలామె. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర తీగల కుచ్చు. చీకటితోనే వచ్చి కింద నిలబడి మేడమీద కిటికీ అద్దాన్ని తట్టేది. మూడు సార్లు. ఆగి, మళ్ళీ మూడు సార్లు.

"లేచాను అని లోపల్నుంచి అరిస్తే చాలదు" అన్నాడు బాబా. "అరిచి మళ్ళీ పడుకుంటారు కదా. కిటికీ దగ్గరికి వచ్చి ముఖం చూపించాలి. చెయ్యి ఎత్తాలి. అప్పుడు గాని పక్కింటికి కదిలేది కాదు. వాన పడనీ, మంచు పడనీ. ముఖం చూపేదాకా తడుతూనే ఉండేది."

నేను నవ్వాను. మంచి పద్ధతే అన్నాను. మా వార్డులో కుర్ర నర్సులకి అలాంటిదొకటి కావాలన్నాను.

సరే. ఆ గురువారం.

డాక్టరు గారు, ఆయన భార్య ఉమ్రాకి మక్కా వెళ్ళారు. ఒక్క రాత్రికే. తాయిఫ్ నుంచి దిగితే గంటన్నర. వెళ్ళేముందు ఆయన నా దగ్గర నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి. కళ్ళలో నీళ్ళు.

"సిస్టర్, వెళ్ళాలా వద్దా అని నాలుగు సార్లు అనుకున్నాను. బాబా కోసం దువా చేయడానికే వెళ్తున్నాను. నేను వచ్చేసరికి ఆయన ఉండాలి. మీరు మాట ఇస్తేనే వెళ్తాను."

అలాంటి మాట నర్సు ఎప్పుడూ ఇవ్వకూడదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరికీ ఇవ్వలేదు. ఆ రోజు ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు.

ఫ్లాటు మూడో అంతస్తు. మెట్లు యాభై నాలుగు. కింద గేటు పక్క గదిలో డ్రైవరు మస్తాను ఉంటాడు. కడప వైపు మనిషి. డాక్టరు గారే కారు నడుపుకుంటూ వెళ్ళారు, మస్తాన్‌ని మాకు తోడుగా ఉంచారు. ఆ రాత్రి ఇంట్లో నేను, బాబా. కింద మస్తాను. అంతే.

పదకొండింటికి పొగమంచు దిగింది. తాయిఫ్ మంచు చూసినవాళ్ళకి తెలుసు. ఎదుటి దీపస్తంభం కూడా పసుప్పచ్చ మరకలా అయిపోయింది. పన్నెండుకి బాబా నాడి ఎనభై ఎనిమిది, ఆక్సిజన్ తొంభై నాలుగు. రాశాను. రెండుకి ఎనభై ఆరు, తొంభై నాలుగు. రాశాను. నాలుగుకి ఎనభై నాలుగు, తొంభై అయిదు. మంచి నిద్ర. రాశాను. పెన్ను మూత పెట్టాను. ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాను.

నాలుగూ పదికి...

టక్. టక్. టక్.

అద్దం మీద.

కప్పు నోటి దాకా తెచ్చినదాన్ని అలాగే ఆగాను. మిషను చప్పుడేమో అనుకున్నాను. ఆక్సిజన్ మిషను గుర్రుమంటూనే ఉంది. దాని చప్పుడు వేరు.

టక్. టక్. టక్. ఆ తర్వాత సన్నగా... గీరినట్టు. గోడ మీద కాదు, తలుపు మీద కాదు. గాజు మీద ఇనుప తీగ గీరితే వచ్చే చప్పుడు. పళ్ళు జివ్వుమన్నాయి.

చేతి గడియారం చూశాను. అలవాటు. ఏడు సెకన్లు. మళ్ళీ మూడు. ఏడు సెకన్లు. మళ్ళీ మూడు. గాలి అయితే ఇలా లెక్కగా కొట్టదు. చెట్టు లేదు ఆ పక్కన. తీగలు లేవు. కోతులు కొండ దగ్గర ఉంటాయి గాని ఊళ్ళోకి ఇంత లోపలికి రావు, రాత్రి అసలు కదలవు. ఇవన్నీ కూర్చున్న చోటే అనుకున్నాను. లేవలేదు.

అప్పుడు బాబా కళ్ళు తెరిచాడు.

భయం లేదు ఆ కళ్ళలో. తొందర ఉంది. పనికి పోయేవాడి తొందర.

"ఎంతైంది?" అన్నాడు.

"నాలుగూ పన్నెండు. పడుకోండి బాబా. ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంటి? తడుతోంది కదా."

అప్పుడు తెలిసింది... నాకు ఒక్కదానికే వినపడటం లేదు. ఆ క్షణం దాకా మనసులో ఒక మూల, వయసైంది, చెవిలో ఏదో మోగుతోంది అని ఒక ఆశ ఉండేది. అది పోయింది.

ముసలివాళ్ళు పాత పనికి పోతామని లేస్తుంటారు. మాకు కొత్త కాదు. ఎదురు చెప్పకూడదు. ఇవాళ సెలవు అనాలి.

"ఇవాళ ఆదివారం బాబా. మిల్లు సెలవు."

"ఆదివారమైతే ఎందుకు తడుతుంది?" అన్నాడు.

లేచి మంచం దగ్గరికి వెళ్ళాను.

ఎడమ చేతి మూడు వేళ్ళు ఆయన మణికట్టు మీద పెట్టాను. నూట పన్నెండు. కుడి చేత్తో మస్తాన్‌కి ఫోన్ చేశాను. ఆరు రింగులు.

"ఏం మా, ఈ యాళప్పుడు? బాబాకి బాగలేదా?"

"మస్తానూ, బయటికి రా నాయనా. బాబా గది కిటికీ కింద ఎవరన్నా ఉన్నారేమో చూడు. పొడుగు కర్రతో అద్దం కొడుతున్నారు."

"మూడో అంతస్తుకు కర్రా? కలగాని వచ్చెనా సిస్టరమ్మా?"

"కల గిల తర్వాత. ముందు రా."

చెప్పుల చప్పుడు. గేటు కిర్రుమంది. ఫోన్లో అతని ఊపిరి. మంచుకి దగ్గాడు. "అబ్బా, ఏం సలి మా ఇది" అన్నాడు.

"వచ్చినా. కిటికీ కిందనే నిలబడుకోని ఉండా. ఎవురూ ల్యారు. కుక్క గూడా లేదు."

టక్. టక్. టక్.

"ఇదిగో! విన్నావా?"

ఫోన్లో అతని చెప్పులు వెనక్కి జరిగిన చప్పుడు.

"మస్తానూ?"

"ఇనపడ్తాండాది మా..." గొంతు మారిపోయింది. "గానీ బయట కాదు. సద్దు లోపల్నుంచి వస్తాండాది. నువ్వే అద్దం కొడతాండావేమో అనుకుంటి."

నా ఎడమ చెయ్యి బాబా మణికట్టు మీద ఉంది. కుడి చేతిలో ఫోను. ఆయన కుడి చెయ్యి దుప్పటి మీద, నా కళ్ళ ముందు. కిటికీ నాలుగడుగుల దూరంలో. తెర వేసి ఉంది. తెర కదలటం లేదు.

టక్. టక్. టక్. గీర్...

బాబా లేవబోయాడు.

ఏడు నెలలుగా పక్కకి తిరగాలన్నా ఇద్దరు పట్టాల్సిన మనిషి. మోచేతుల మీద లేచాడు. ముక్కులోని గొట్టం లాగి పడేశాడు. "గేటు మూసేస్తారు, వదులు, గేటు మూసేస్తారు" అంటున్నాడు. నేను భుజాలు పట్టుకున్నాను. వదిలితే మంచం మీంచి పడతాడు. పడితే ఆ తుంటి, ఆ గుండె... అక్కడితో సరి. గొట్టం మళ్ళీ పెట్టాను. లాగేశాడు. మళ్ళీ పెట్టాను. ఆక్సిజన్ అంకె చూపే మిషను అరవడం మొదలుపెట్టింది. ఎనభై ఆరు. ఎనభై మూడు. నాడి నూట ముప్ఫై ఎనిమిది.

"మస్తానూ, అంబులెన్సుకి చెయ్యి. తర్వాత డాక్టరు గారికి."

"చేస్తా మా, చేస్తా. పైకి రానా?"

"ముందు చెయ్యి!"

డాక్టరు గారు బయలుదేరారు గాని హదా కొండ దారి మంచుకి మూసేశారట. చుట్టు తిరిగి రావాలి. రెండు గంటలకి తక్కువ కాదు. అది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసిందల్లా ఎనభై ఒకటి అనే అంకె.

అప్పుడు బాబా పెనుగులాట ఆపాడు. తల కిటికీ వైపు తిప్పాడు. నోరు తెరిచాడు. గొంతు లేదు. పెదాలు సాగుతున్నాయి, ముడుచుకుంటున్నాయి. మిల్లు మాట. మాట్లాడి... ఆగాడు. తెరకేసి చూశాడు. అవతలి వాళ్ళు చెప్పేది వింటూ మనం ఎలా చూస్తామో, అలా. తల ఊపాడు. మళ్ళీ పెదాలు కదిలాయి. ఈసారి నాకు అర్థమైంది. ఒక్క మాట.

వస్తున్నా.

మిషను వైపు చూశాను. డెబ్బై తొమ్మిది.

ఏం ఆలోచించానో నిజం చెప్తాను. దయ్యాలూ భూతాలూ ఆలోచించలేదు. నర్సులాగే ఆలోచించాను. ఈ చప్పుడు ఆగితే ఈయన పడుకుంటాడు. ముఖం చూపిస్తే ఆగుతుందని ఈయన నమ్మకం. ఆయన వెళ్ళలేడు. ఎవరో ఒకరు చూపించాలి. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. పిల్లలకి ఉత్త సూది చూపించి ఇదిగో ఇచ్చేశాను అంటామే, అలాంటి ఉపాయం అనుకున్నాను. అంతే.

"మీరు పడుకోండి బాబా. నేను చెప్పి వస్తాను" అన్నాను.

నాలుగడుగులు.

ఒకటి... వెనక మిషను అరుస్తోంది.

రెండు... చప్పుడు ఆగింది. నేను వస్తున్నానని తెలిసినట్టు.

మూడు... తెర అంచు చేతికి తగిలింది. తడిగా ఉంది. లోపలి వైపు.

నాలుగు.

తెర లాగాను.

మంచు. పసుప్పచ్చ వెలుతురు. కింద మస్తాను ఫోను దీపం, మసక చుక్కలా. ఇంకేమీ లేదు. అద్దం మీద నా ముఖం ఒక్కటే. లోపలి వేడికి అద్దానికి చెమట పట్టింది.

టక్.

నా ముఖానికి ఎదురుగా. అంగుళం దూరంలో. అద్దం అదరడం చూశాను. చెమట చుక్క ఒకటి ఊడి కిందికి జారింది. ఏమీ కనపడలేదు. కర్ర లేదు. చెయ్యి లేదు. టక్... రెండో చుక్క జారింది. టక్... మూడోది.

నేను చెయ్యి ఎత్తాను. అరచెయ్యి చూపించాను. ముఖం అద్దానికి దగ్గరగా పెట్టాను, బాగా కనపడాలని. ఎవరికి కనపడాలో మాత్రం తెలియదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

ఏడు సెకన్లు. ఎనిమిది. పది. పదిహేను.

ఆగిపోయింది.

తర్వాత కింద నడక. చెక్క చెప్పులు రాయి మీద పడినట్టు, టాక్ టాక్ అని, నిదానంగా. ఆ వీధి తారు రోడ్డు. పక్కన ఇసుక. రాయి లేదు. ఆ నడక మస్తాను దీపం పక్క నుంచే పోయింది. దీపం కదలలేదు. నడక పక్క భవనం దాకా పోయి ఆగింది. కాసేపటికి, దూరంగా, సన్నగా... టక్. టక్. టక్.

ఆ భవనంలో ఆ తెల్లవారుజామున ఏమైందో నేను అడగలేదు. అడగడానికి భయం వేసింది.

వెనక్కి తిరిగేసరికి బాబా నిద్రపోతున్నాడు. గొట్టం పెట్టాను. ఎనభై ఎనిమిది. తొంభై. తొంభై మూడు. నాలుగూ ఇరవై ఆరు. రాశాను. ఆరు సరిగా పడలేదు. ఇప్పటికీ ఆ చార్టు నకలు నా దగ్గర ఉంది.

మస్తాను యాభై నాలుగు మెట్లు ఎక్కి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నువ్వు చెయ్యెత్తినావు మా. చూసినా. యావరికి?"

"నీ పక్క నుంచి ఎవరో నడిచి వెళ్ళారు కదా. వినలేదా?"

"నా పక్కనా?" అన్నాడు. గోడకి చేరబడి "యా అల్లా" అని కింద కూర్చున్నాడు. అతనికి నడక వినపడలేదు.

అంబులెన్సు వచ్చింది. చూశారు. నిలకడగా ఉన్నాడు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళేంత పని లేదన్నారు. ఆరూ యాభైకి డాక్టరు గారు వచ్చారు. తండ్రి పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. మాట నిలబెట్టారు సిస్టర్ అన్నారు. చప్పుడు సంగతి చెప్పాను. మర్నాడు గదిలో చిన్న కెమెరా పెట్టించారు. ఎక్కడున్నా ఫోనులో తండ్రిని చూసుకోవచ్చని.

నేనూ మస్తానూ కిటికీలోంచి తాడు వదిలి కొలిచాం. నేల నుంచి అద్దం దాకా తొమ్మిది మీటర్ల డెబ్బై. మనిషి ఎత్తు తీసేసినా ఎనిమిది మీటర్ల కర్ర కావాలి. అలాంటిది పట్టుకుని కొట్టాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి.

శుక్రవారం రాత్రి బాబాకి బాగా తెలివి వచ్చింది. గంజి తాగాడు. ఫోటోల జోలికి పోలేదు. నన్నే చూస్తున్నాడు.

"పొద్దున కిటికీ దగ్గరికి ఎవరు వెళ్ళారు?"

"నేనే బాబా. మీరు ఇవాళ రారని చెప్పి పంపేశాను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు చెప్పాడు, అంతకు ముందు ఎప్పుడూ చెప్పనిది.

ఆ మేడగదిలో మంచాలు తక్కువ. పగలు పని చేసేవాడు లేచిన మంచంలో రాత్రి పని చేసి వచ్చినవాడు పడుకునేవాడు. మంచం ఎప్పుడూ చల్లారేది కాదు. బాబా మంచంలో వంతు ఆయన పినతండ్రి కొడుకు నజీర్‌ది. ఇరవై ఏళ్ళవాడు. ఒక చలికాలం పొద్దున తట్టేసరికి బాబాకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. నజీర్ అప్పుడే రాత్రి పని దిగి వచ్చాడు. తడుతూనే ఉంది. నువ్వు పడుకో అన్నయ్యా, నేను చెప్తా అని నజీర్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ముఖం చూపించాడు. చెయ్యి ఎత్తాడు. బాబా జీతం పోకూడదని ఆయన బదులు పనికి కూడా వెళ్ళాడు. మిల్లులో అయిదో అంతస్తులో సరుకు దించే లిఫ్టు తలుపు తీసి ఉంది. లిఫ్టు లేదు. నిద్రకళ్ళతో అందులోకి అడుగు వేశాడు.

"నా తట్టుకి వాడు జవాబిచ్చాడు" అన్నాడు బాబా. "నువ్వెందుకు లేచావు బేటీ? నిన్ను ఎవరు లేవమన్నారు?"

"నాకేం కాదు. నేను ప్రభువు బిడ్డని" అన్నాను. గట్టిగానే అన్నాను.

"మళ్ళీ వస్తే నువ్వు కదలకు. మాట ఇవ్వు."

ఇవ్వలేదు. అంతకు ముందు ఇచ్చిన ఒక్క మాటే చాలనుకున్నాను.

ఆ తర్వాత పది రాత్రులు. ఏమీ లేదు. నాలుగవుతుంటే మాత్రం ఇద్దరం మెలకువగానే ఉండేవాళ్ళం. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఆయన కళ్ళు మూసుకుని నటించేవాడు. నేను చార్టు రాస్తున్నట్టు నటించేదాన్ని.

పదకొండో రాత్రి నేను నిద్రపోయాను.

డ్యూటీలో నేను ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదు. పురిటి నొప్పులొచ్చిన రాత్రి కూడా డ్యూటీ దిగాకే వెళ్ళాను. అలాంటిదాన్ని నాలుగింటికి అంకెలు రాశాను, అక్షరం చెక్కు చెదరకుండా ఉంది. కళ్ళు తెరిచేసరికి నాలుగూ ఇరవై అయిదు. కుర్చీలో ఉన్నాను. మెడ పక్కకి వాలి ఉంది. మిషను అరుస్తోంది.

మంచం ఖాళీగా ఉంది.

బాబా కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తెర పూర్తిగా లాగి ఉంది. నుదురు అద్దానికి ఆనించి ఉంది. నాడి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

కాపాడాలని చేయాల్సినవన్నీ చేశాను. ఛాతీ నొక్కాను. లెక్క తప్పకుండా ముప్ఫై, ముప్ఫై. అటు గదిలో పడుకున్న డాక్టరు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయనా చేశారు. రాలేదు.

నేను దాచలేదు. నిద్రపోయానని చెప్పాను. నా మీద ఏం చర్య తీసుకున్నా ఒప్పుకుంటానన్నాను. ఖననం అయ్యాక నాలుగో రోజు డాక్టరు గారు నన్ను పిలిచారు. ఫోను నా చేతికిచ్చారు. కెమెరాలో పడింది.

"చూడండి సిస్టర్. కూర్చుని చూడండి."

నాలుగూ ఎనిమిది. నేను కుర్చీలో తల వాల్చి ఉన్నాను. బాబా మంచంలో. నాలుగూ పది. బాబా కళ్ళు తెరిచాడు.

నాలుగూ పదకొండుకి నేను లేచాను.

కుర్చీలోంచి లేచాను. కళ్ళు మూసే ఉన్నాయి. బొమ్మ స్పష్టంగా ఉంది, నా కళ్ళు మూసే ఉన్నాయి. ఒక అడుగు వేశాను. రెండో అడుగు. కుడి చెయ్యి పైకి లేస్తోంది, అరచెయ్యి ముందుకి తిరుగుతోంది. అప్పుడు బాబా మంచం దిగాడు. విరిగిన తుంటితో. గొట్టం తీసి పక్కన పెట్టాడు, విసరలేదు. నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. నన్ను వెనక్కి నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. నా మెడ పక్కకి సర్దాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి తెర లాగి, ముఖం అద్దానికి దగ్గరగా పెట్టి, చెయ్యి ఎత్తాడు.

కూర్చున్నాడు. మళ్ళీ కదలలేదు.

నాకు ఇందులో ఒక్క క్షణం కూడా గుర్తులేదు. చెయ్యి పట్టుకున్నది గుర్తులేదు. తట్టారా, ఎన్నిసార్లు తట్టారు... తెలియదు. ఆ రాత్రి మస్తాను కింద మంచి నిద్రలో ఉన్నాడు. ఆ కెమెరాకి చప్పుడు పట్టే ఏర్పాటు లేదు, బొమ్మే వస్తుంది.

డాక్టరు గారు ఫోను వెనక్కి తీసుకున్నారు. ఆయన అడిగింది ఒక్కటే.

"సిస్టర్... మీరు ఎక్కడికి వెళ్దామని లేచారు?"